సారథి ఎంత? రథం ఎంత?

2020 డిసెంబరు మొదటి వారంలో బహ్రెయిన్‌లో ఒక ఫార్ములా వన్ పందెం జరగవలసి ఉంది. ఆ ఏటి విజేతగా అప్పటికే ఖాయమైపోయిన లూయిస్ హామిల్టన్‌కు కోవిడ్ సోకింది. మెర్సిడెస్ జట్టు అతని కారును జార్జి రసెల్ అనే ఇరవై రెండేళ్ల యువకుడికి అప్పగించింది. రసెల్ అప్పటివరకు విలియమ్స్ జట్టు తరఫున 36 పందేలలో పాల్గొని ఒక్క పాయింటు కూడా సంపాదించలేదు. హామిల్టన్ కంటే పొడగరి కావడంతో ఆ కారులో ఇరుక్కుని కూర్చోవలసి వచ్చింది; పాదాలు పట్టక ఒక సైజు చిన్న బూట్లు తొడుక్కున్నాడు. అయినా అర్హత పోటీలో, ఆ జట్టులో నాలుగేళ్లుగా ఉన్న వాల్టేరి బొటాస్ కంటే 0.026 సెకను మాత్రమే వెనకబడి రెండో స్థానంలో నిలిచాడు. పందెం మొదలవగానే బొటాస్‌ను దాటి ముందుకు వెళ్లి, చాలాసేపు అందరికంటే ముందే ఉన్నాడు. చివరికి టైర్లు మార్చే సిబ్బంది పొరపాటున బొటాస్‌ టైర్లు ఇతని కారుకు బిగించడం, దాన్ని సరిదిద్దాక మరో టైరులో గాలి తగ్గిపోవడం, ఇవన్నీ కలిసి అతన్ని తొమ్మిదో స్థానానికి నెట్టాయి. ఫార్ములా వన్‌లో అతనికి వచ్చిన మొదటి పాయింట్లు అవే.

ఈ ఒక్క వారాంతం నుంచి అభిమానులు పూర్తిగా భిన్నమైన రెండు నిర్ధారణలకు వచ్చారు. ‘చూశారా, ఎవరు కూర్చున్నా ఆ కారు ముందే ఉంటుంది. హామిల్టన్ గొప్పతనం మెర్సిడెస్ గొప్పతనమే’ అన్నది ఒకటి. ‘చూశారా, ఇంత ప్రతిభ గలవాణ్ణి ఒక నాసిరకం కారు రెండేళ్లపాటు ఎలా దాచిపెట్టిందో’ అన్నది రెండోది. ఇద్దరూ చూపించింది ఒకే సాక్ష్యం. ఇద్దరిలో ఎవరిదీ పూర్తిగా తప్పు కాదు. మోటారు పందేలలో గెలుపును నిర్ణయించేది నడిపేవాడి నేర్పా, కారు సత్తువా అన్న చర్చ తెగకపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

ప్రశ్న మనకు కొత్తది కాదు. మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణ మహారాజు ఒక్కరోజులో అయోధ్య నుంచి విదర్భకు చేరాలి. బాహుకుడి రూపంలో ఉన్న నలుడు బక్కచిక్కిన గుర్రాలను ఎంచుకుంటే రాజు సందేహిస్తాడు. ఆ గుర్రాలే గాలితో పోటీపడి పరుగెత్తుతుంటే, ఒకప్పుడు నలుడికి సారథిగా ఉన్న వార్ష్ణేయుడు ఇతడు నలుడే కాడు గదా అని అనుమానిస్తాడు. రాజు గుర్రాలను చూసి వేగాన్ని అంచనా వేశాడు. వార్ష్ణేయుడు వేగాన్ని చూసి సారథిని అంచనా వేశాడు. దారిలో తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ చూడగానే లెక్క చెప్పగలిగిన ఋతుపర్ణుడు తన విద్యను నలుడికిచ్చి, బదులుగా అశ్వహృదయాన్ని అడిగాడు. లెక్కకట్టే విద్య, రథం తోలే విద్య ఒకచోట కలుసుకున్న కథ అది. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది కూడా చాలావరకు లెక్కకట్టే విద్య గురించే.

ఒకే కారు, ఇద్దరు డ్రైవర్లు

ముందుగా పోటీ స్వరూపం. 1950లో మొదలైన ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒకేరకం కార్లు పరుగెత్తవు. నిబంధనల పరిధిలో ప్రతి జట్టూ తన కారును తానే రూపొందించుకోవాలి. అందుకే ప్రతి ఏడాదీ డ్రైవరుకు ఒక బిరుదు, జట్టుకు మరొక బిరుదు ఉంటాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుసేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెం ఇందుకు భిన్నం. అక్కడ అన్ని జట్లకూ కారు చట్రం, బ్యాటరీ, టైర్లు ఒకటే. మోటారు, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరు వంటివి మాత్రం ఎవరివి వారివి. కార్ల మధ్య తేడాను ఎంత ఉండనివ్వాలన్నది నిర్వాహకులు తీసుకునే నిర్ణయం. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తరువాత అవసరపడుతుంది.

కారునూ డ్రైవరునూ విడదీయడానికి అందరికీ తోచే మార్గం, ఒకే జట్టులోని ఇద్దరినీ పోల్చడం. వైద్యంలో కవలలను పోల్చినట్టే ఇది. 1988లో మెక్‌లారెన్-హోండా కారు 16 పందేలలో 15 గెలిచింది. ఎనిమిది ఐర్టన్ సెనావి, ఏడు అలన్ ప్రోస్ట్‌వి. మిగతా డ్రైవర్లలో ఎంత మంచివాళ్లున్నా ఆ ఏడు వారికి అవకాశమే లేదు. అది కారు చేసిన పని. కాని సెనా, ప్రోస్ట్‌ల మధ్య ఎవరు గెలవాలన్నది కారు నిర్ణయించలేదు.

2023లో రెడ్ బుల్ కారు 22 పందేలలో 21 గెలిచింది. అందులో 19 మాక్స్ వెర్‌స్టాపెన్‌వి. అదే కారు నడిపిన సెర్జియో పెరెజ్‌వి రెండే. ఒకరికి 575 పాయింట్లు, మరొకరికి 285. ‘ఎవరు కూర్చున్నా గెలిచే కారు’ అన్న మాటకు ఇంతకంటే గట్టి జవాబు అక్కరలేదు. మరుసటి ఏడు ఇంకా విచిత్రం. 2024లో వెర్‌స్టాపెన్ 437 పాయింట్లతో డ్రైవర్ల బిరుదు నిలబెట్టుకున్నాడు. పెరెజ్ 152 దగ్గర ఆగిపోయాడు. ఫలితంగా జట్ల పట్టికలో మెక్‌లారెన్, ఫెరారీల తరువాత రెడ్ బుల్ మూడో స్థానానికి దిగిపోయింది.

ఇక్కడితో చర్చ ముగించవచ్చు కదా అనిపిస్తుంది. కాని కవలల పోలికలో ఉన్న చిక్కులు ఇందులోనూ ఉన్నాయి. ఒకే గర్భంలో పెరిగినా కవలలకు అందిన పోషణ ఒకటే కానట్టు, ఒకే జట్టులో ఉన్నా ఇద్దరికీ అందే కారు ఎప్పుడూ అచ్చంగా ఒకటే కాదు. కొత్తగా తయారైన భాగాలు ముందు ఎవరికి బిగించాలి, టైర్లు మార్చడంలో ఎవరికి ప్రాధాన్యం ఇవ్వాలి, వచ్చే ఏటి కారును ఎవరి అలవాటుకు తగినట్టు తీర్చిదిద్దాలి అన్నవి జట్టు నిర్ణయాలు. ముందున్నవాడికే అనుకూలంగా జరిగితే మొదట్లో చిన్నగా ఉన్న తేడా ఏటేటా పెరుగుతుంది.

కొలమానం కూడా ఒక చిక్కే. 1988లో మొత్తం సంపాదించిన పాయింట్లు చూస్తే ప్రోస్ట్‌వి 105, సెనావి 94. కాని అప్పటి నిబంధన ప్రకారం ఒక్కొక్కరివి పదకొండు ఉత్తమ ఫలితాలే లెక్కలోకి వస్తాయి. అలా చూస్తే సెనావి 90, ప్రోస్ట్‌వి 87. బిరుదు సెనాకు దక్కింది. ఒకే కారు, ఒకే ఏడు, ఒకే పందేలు. లెక్కకట్టే పద్ధతి మారితే విజేత మారతాడు.

జట్టు మారినవారు చెప్పే సాక్ష్యం

సహచరుడితో పోలిక ఎంత బాగున్నా, అది ఆ జట్టు గోడ దాటి బయటికి రాదు. ఒక జట్టులోని డ్రైవరునూ వేరే జట్టులోని డ్రైవరునూ పోల్చేదెలా? స్థానాలను నేరుగా పోలిస్తే మోసపోతాం. 2005 జూన్ 19న ఇండియానాపోలిస్‌లో జరిగిన పందెంలో భారతదేశపు తొలి ఫార్ములా వన్ డ్రైవరు నరైన్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు తెచ్చుకున్నాడు. మనకు గర్వకారణమే. కాని టైర్ల భద్రతపై తలెత్తిన వివాదంతో మిషెలిన్ టైర్లు వాడే జట్లన్నీ తప్పుకోగా, ఆ రోజు పరుగెత్తినవి ఆరు కార్లే. అతని జోర్డాన్ కారు మామూలు రోజుల్లో పాయింట్ల దరిదాపులకు వచ్చేది కాదు. ఆ నాలుగో స్థానం అతని నేర్పును ఎంత ఎక్కువ చేసి చూపిందో, మిగతా పందేలలోని వెనకటి స్థానాలు అంత తక్కువ చేసి చూపాయి.

అందుకే పరిశోధకులు జట్టు మారేవారి మీద ఆధారపడతారు. ‘అ’ అనేవాడు ‘ఆ’తో కలిసి నడిపాడు, ‘ఆ’ మరో జట్టుకు వెళ్లి ‘ఇ’తో కలిసి నడిపాడు అనుకుందాం. అప్పుడు ‘ఆ’ను వంతెనగా చేసుకుని ‘అ’ను ‘ఇ’తో పోల్చవచ్చు. ఇలా కట్టుకుంటూపోతే 1950 నాటి డ్రైవర్లు కూడా నేటివారితో ఒక గొలుసులో కలుస్తారు. జీతాల్లో ఉద్యోగి సామర్థ్యమెంత, సంస్థ బలమెంత అని తేల్చడానికి ఆర్థికశాస్త్రజ్ఞులు వాడే పద్ధతీ ఇదే: సంస్థలు మారే ఉద్యోగులను గమనించడం.

ఈ గొలుసులో మెరిసే పేరు హువాన్ మాన్యుయెల్ ఫాంజియో. ఈ అర్జెంటీనా డ్రైవరు 1951 నుంచి 1957 మధ్య ఐదు బిరుదులను ఆల్ఫా రోమియో, మసెరాటి, మెర్సిడెస్, ఫెరారీ కార్లలో గెలిచాడు. 51 పందేలలో 24 విజయాలు. ఎక్కడికి వెళ్తే అక్కడ గెలిచినవాడి విషయంలో కారును కారణంగా చూపడం కష్టం. అయితే ఫాంజియో ఎప్పుడు ఏ జట్టు మంచిదో పసిగట్టి అక్కడికే వెళ్లేవాడన్నది కూడా నిజమే. 1956లో మోంజాలో అతని ఫెరారీ చెడిపోతే, బిరుదుకు తానూ పోటీలో ఉన్న పీటర్ కాలిన్స్ కారు దిగి తన కారును అతనికిచ్చాడు. అప్పటి నిబంధనలు అందుకు ఒప్పుకునేవి. ఫాంజియో రెండో స్థానంలో వచ్చి బిరుదు నిలుపుకున్నాడు. ఆ బిరుదులో ఫాంజియో వాటా ఎంత, కాలిన్స్ ఔదార్యం వాటా ఎంత?

కదలనివారూ సాక్ష్యం చెబుతారు. జెన్సన్ బటన్ 2008లో హోండా జట్టులో ఏడాది పొడుగునా తెచ్చుకున్నవి 3 పాయింట్లు. ఆ డిసెంబరులో హోండా పోటీ నుంచి తప్పుకుంది. జట్టును నామమాత్రపు ధరకు దాని అధిపతి రాస్ బ్రాన్ తీసుకున్నాడు. కారు వెనక అడుగుభాగంలో గాలి ప్రవాహాన్ని మలచడంలో ఒక కొత్త ఉపాయం, మెర్సిడెస్ ఇంజను తోడై ఆ కారు 2009లో అందరినీ మించిపోయింది. మొదటి ఏడు పందేలలో ఆరు బటన్‌వి. బిరుదు కూడా అతనిదే. డ్రైవరు అతనే, జట్టులో మనుషులు చాలావరకు వారే. మారింది కారు.

కాని గొలుసు కొన్నిచోట్ల తెగుతుంది. సెబాస్టియన్ వెటెల్ 2010 నుంచి వరుసగా నాలుగు బిరుదులు గెలిచాడు. 2013 చివరలో వరుసగా తొమ్మిది పందేలు గెలిచాడు. 2014లో నిబంధనలు, ఇంజన్లు మారాయి. అదే రెడ్ బుల్ జట్టులోకి కొత్తగా వచ్చిన డేనియల్ రికార్డో 238 పాయింట్లు తెచ్చుకోగా వెటెల్‌కు 167 వచ్చాయి. ఒక్క విజయమూ లేదు. ఈ లెక్కన రికార్డో వెటెల్‌ కంటే మేలు. తరువాత రికార్డో మెక్‌లారెన్‌కు వెళ్లాడు. అక్కడ 2022లో లాండో నారిస్‌కు 122 పాయింట్లు, రికార్డోకు 37. మరి నారిస్ వెటెల్‌కు ఎన్నో రెట్లు మేలా? అలా అనేవారెవరూ లేరు. వెటెల్ పాత కార్లను అద్భుతంగా నడిపింది వాటి వెనక భాగం నేలను కరచిపట్టుకునే ప్రత్యేక లక్షణాన్ని వాడుకోవడం తెలిసి. రికార్డో మెక్‌లారెన్ కారు బ్రేకుల తీరుకు చివరిదాకా అలవాటుపడలేకపోయాడు. అయినా 2021లో మోంజాలో ఆ కారుతోనే గెలిచాడు. నేర్పు అనేది ఒక మనిషి వెంట జట్టు నుంచి జట్టుకు చెక్కుచెదరకుండా వెళ్లే వస్తువు కాదని ఈ గొలుసు చెబుతోంది.

86 శాతం అంటే ఏమిటి?

ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ బెల్, ఆయన సహచరులు 1950 నుంచి 2014 వరకు జరిగిన పందేల ఫలితాలన్నిటినీ విశ్లేషించి 2016లో ఒక పరిశోధనాపత్రం ప్రచురించారు. ఆ లెక్కలో జట్టు ప్రభావాన్ని తీసివేసి చూస్తే డ్రైవర్లలో మొదటివాడు ఫాంజియో. ఇది పత్రికలకు ఎక్కిన వార్త. అంతకంటే ముఖ్యమైనది మరొకటి: డ్రైవరుకూ జట్టుకూ చెందిన హెచ్చుతగ్గులను మాత్రమే తీసుకుంటే, అందులో 86 శాతం జట్టుది. కాలం గడిచేకొద్దీ జట్టు ప్రభావం పెరిగింది. వాన పడినప్పుడు, నగర వీధుల్లో జరిగే పందేలలో అది కొంత తగ్గింది. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ కెస్టెరెన్, బెర్గ్‌కాంప్‌లు వేరే గణాంక పద్ధతిలో 2014–2021 కాలాన్ని పరిశీలించి 2023లో ప్రచురించిన పత్రంలో జట్టు వాటా సుమారు 88 శాతమని తేలింది. ఆ కాలానికి మేటి డ్రైవర్లుగా హామిల్టన్, వెర్‌స్టాపెన్ నిలిచారు.

రెండు పద్ధతులు, రెండు కాలాలు, దాదాపు ఒకే అంకె. ఇక ‘గెలుపులో కారు 86 పాళ్లు, మనిషి 14 పాళ్లు’ అని తేల్చేయవచ్చా? చాలామంది అలాగే చదివారు. ఇది పొరపాటు. వైద్యవిద్యలో మేమూ చాలాకాలం చేసిన పొరపాటే కనుక కొంచెం వివరంగా చెప్పాలి.

అనువంశికత గురించి చదివేటప్పుడు, ఎత్తులో జన్యువుల పాత్ర 80 శాతం అంటారు. అంటే ఐదున్నర అడుగుల మనిషిలో నాలుగున్నర అడుగులు తల్లిదండ్రులవి, మిగతా అడుగు తిండిది అని కాదు. ఒక జనసమూహంలో మనుషుల మధ్య కనబడే ఎత్తుల తేడాలలో అంత భాగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందని మాత్రమే. ఆ శాతం మనిషి గురించి చెప్పేది కాదు, సమూహం గురించి చెప్పేది. అందరికీ ఒకే తిండి పెడితే ఆ శాతం పెరుగుతుంది. కొందరిని పస్తులుంచితే తగ్గుతుంది. జన్యువులు మాత్రం మారవు. ఫినైల్‌కీటోన్యూరియా అనే వ్యాధి పూర్తిగా జన్యుపరమైనది. పట్టించుకోకపోతే బిడ్డ బుద్ధి వికసించదు. పుట్టగానే గుర్తించి ఆహారాన్ని నియంత్రిస్తే బిడ్డ మామూలుగా పెరుగుతుంది. వ్యాధి నూటికి నూరుపాళ్లు జన్యువుదే, చికిత్స నూటికి నూరుపాళ్లు ఆహారానిదే. ఆ రెంటినీ కలిపి వంద చేయాలనుకోవడమే తప్పు.

పందేలకూ ఇదే వర్తిస్తుంది. రేపు ఫార్ములా వన్‌లో అన్ని జట్లకూ ఒకే కారు ఇచ్చారనుకుందాం. అదృష్టాన్ని పక్కన పెడితే, ఫలితాల తేడాలలో డ్రైవరు వాటా ఒక్కరోజులో వంద శాతం అవుతుంది. డ్రైవర్లలో ఎవరి నేర్పూ రవ్వంతైనా పెరగలేదు. అన్ని కార్లలోనూ ఫాంజియో వంటివారినే కూర్చోబెడితే కారు వాటా వంద శాతం అవుతుంది. అప్పుడు నేర్పుకు విలువ లేదందామా?

అక్కడికి చేరిన డ్రైవర్ల సంగతి చూడండి. బెల్ పత్రం పరిశీలించిన చివరి సంవత్సరాల్లో పందెంలో ఉండేవి ఇరవై కార్ల చిల్లర. ఆ స్థానాల కోసం ప్రపంచమంతటా లక్షలమంది పిల్లలు ఏడెనిమిదేళ్ల వయసు నుంచి చిన్న కార్ట్‌ల మీద పోటీపడతారు. ఒక్కో మెట్టు దగ్గరా జల్లెడ పడతారు. చివరికి మిగిలినవారిలో, మలుపుల దగ్గర శరీరబరువుకు ఐదింతల బలం పక్కకు లాగుతుండగా, శిరస్త్రాణంతో కలిపి ముప్పై కిలోలకు మించిన భారాన్ని మెడకండరాలు మోస్తుండగా, వేడిలో రెండు మూడు కిలోల నీరు చెమటగా పోతుండగా, గంటన్నరపాటు చుట్టు తరువాత చుట్టు సెకనులో పదోవంతు తేడా రాకుండా నడపలేనివారు ఉండరు. అందరూ సమర్థులే అయినచోట సామర్థ్యం ఫలితాన్ని విడదీయలేదు. మా వైద్యకళాశాల తరగతిలో అందరూ ఎంసెట్‌లో మంచి ర్యాంకులు తెచ్చుకున్నవారే. ఆ ర్యాంకుకూ చివరి ఏడాది మార్కులకూ పెద్ద సంబంధం కనబడలేదు. ర్యాంకుకు విలువ లేకపోవడం వల్ల కాదు. ఆ జల్లెడ తన పని ముందే చేసేసింది.

దీన్నిబట్టి మరొక విషయం అర్థమవుతుంది. వాటా 14 శాతమే అయితే జట్లు మేటి డ్రైవర్లకు కోట్ల డాలర్లు ఎందుకు ఇస్తున్నాయి? 2021లో జట్ల ఖర్చుకు 14.5 కోట్ల డాలర్ల పరిమితి విధించినప్పుడు కూడా డ్రైవర్ల జీతాలను అందులో చేర్చలేదు. పరిమితి దగ్గరికి వచ్చిన జట్ల మధ్య కార్ల తేడా తగ్గేకొద్దీ, మిగిలిన ఆ చిన్న వాటాయే బిరుదును తేలుస్తుంది. వాటా చిన్నదైనంత మాత్రాన దాని విలువ చిన్నది కాదు.

విడదీయరాని కలయిక

ఇంతవరకు కారునూ డ్రైవరునూ రెండు వేరువేరు పళ్లేలలో పెట్టి తూచినట్టు మాట్లాడాను. నిజానికి అవి కూడికలాగా కాక గుణకారంలాగా కలుస్తాయి. ఫార్ములా వన్ కారు మీద గాలి కలిగించే అధోబలం వేగపు వర్గంతో పెరుగుతుంది. టైర్లు, కార్బన్ బ్రేకులు తగిన వేడిలో ఉంటేనే పట్టు ఇస్తాయి. నేర్పులేనివాడు జాగ్రత్తపడి నెమ్మదిగా నడిపితే టైర్లు చల్లారతాయి, అధోబలం తగ్గుతుంది, కారు జారిపోతుంది. అంటే ఆ కారులోని గొప్పతనం వేగంగా నడపగలవాడికే అందుతుంది. సారథి లేనిదే రథబలం లేదు. రథం లేనిదే సారథి నేర్పు కనబడదు.

వాన ఈ సమీకరణాన్ని మారుస్తుంది. 1984లో మొనాకోలో కుండపోతగా వాన కురుస్తుండగా, టోల్‌మన్ అనే చిన్న జట్టు కారుతో పదమూడో స్థానం నుంచి బయలుదేరిన సెనా ఒక్కొక్కరినే దాటుకుంటూ రెండో స్థానానికి వచ్చాడు. ముందున్న ప్రోస్ట్‌ను సమీపిస్తుండగా పందెం ఆపేశారు. ప్రోస్ట్ గెలిచినట్టు ప్రకటించి, సగం పాయింట్లు ఇచ్చారు. ఆ ఏడు ప్రోస్ట్ బిరుదు పోగొట్టుకున్నది నికీ లౌడాకు, సరిగ్గా అర పాయింటు తేడాతో. తడి రోడ్డు మీద ఇంజను బలాన్ని పూర్తిగా వాడుకునే వీలుండదు. ఎక్కడ పట్టు ఉందో చేతులకూ నడుముకూ తెలియాలి. అందుకే కార్ల మధ్య దూరం తగ్గి మనుషుల మధ్య దూరం పెరుగుతుంది. బెల్ పత్రంలోని వాన లెక్క, పాతకాలపు అభిమానుల నమ్మకం ఇక్కడ ఒక్కటయ్యాయి.

మరొక చిక్కు, మంచి డ్రైవరును మంచి జట్టు వెతుక్కుంటూ రావడం. రెండూ ఎప్పుడూ కలిసే కనబడితే ఏది దేనికి కారణమో చెప్పలేం. వైద్యంలో మాకు దీనికి తలకిందులైన సమస్య ఉంది: పేరున్న శస్త్రవైద్యుడి దగ్గరికి అందరికంటే ప్రమాదంలో ఉన్న రోగులు వస్తారు. మరణాలు అక్కడే ఎక్కువగా కనబడవచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలో గుండె బైపాస్ శస్త్రచికిత్సల ఫలితాలను 1989 నుంచి సేకరించడం మొదలుపెట్టి, రోగుల పరిస్థితిని బట్టి సవరించి లెక్కకట్టారు. 1991లో న్యాయస్థానానికి వెళ్లి మరీ ఒక దినపత్రిక శస్త్రవైద్యుల అంకెలను పేరుపేరునా ప్రచురించింది. ఎంత సవరించినా, ఆ అంకె పక్కన ఉన్నది ఒక్కరి పేరే. మత్తు ఇచ్చినవారు, గుండె-ఊపిరితిత్తుల యంత్రం నడిపినవారు, ఆ రాత్రి పక్కన మెలకువగా ఉన్న నర్సు ఆ వరుసలో లేరు.

అక్కడా జట్టు మారినవారినే గమనించిన పరిశోధకులున్నారు. రాబర్ట్ హక్‌మన్, గ్యారీ పిసానోలు పెన్సిల్వేనియాలో ఒకే కాలంలో రెండు మూడు ఆస్పత్రుల్లో శస్త్రచికిత్సలు చేసే గుండె శస్త్రవైద్యులను పరిశీలించి 2006లో ప్రచురించారు. ఒక ఆస్పత్రిలో ఎక్కువ శస్త్రచికిత్సలు చేసేకొద్దీ ఆ ఆస్పత్రిలో ఫలితాలు మెరుగుపడ్డాయి. కాని ఆ మెరుగుదల అదే వైద్యుడు వేరే ఆస్పత్రికి వెళ్లినప్పుడు అతని వెంట అంతగా వెళ్లలేదు. చేతులు అవే, చదువు అదే. పక్కన నిలబడేవారు వేరు. రికార్డో కథ మళ్లీ గుర్తుకు రావడం లేదూ?

జట్టు అంటే కారొక్కటే కాదన్నది ఇక్కడ కలుపుకోవాలి. బహ్రెయిన్‌లో రసెల్ విజయాన్ని చెడగొట్టింది ఇంజను కాదు, టైర్లు అందించడంలో జరిగిన తడబాటు. సుమారు ఇరవైమంది కలిసి రెండు మూడు సెకన్లలో నాలుగు టైర్లు మార్చే ఆ పని తీరును చూసి, లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రి వైద్యులు ఫెరారీ జట్టును సంప్రదించారు. గుండె శస్త్రచికిత్స అయిన పసిబిడ్డను ఆపరేషన్ గది నుంచి ఇంటెన్సివ్ కేర్‌కు అప్పగించే ఘట్టంలో ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు ముందు మాట్లాడాలి అన్నది ఆ పద్ధతిలో నిర్ణయించుకున్నారు. 2007లో ప్రచురించిన ఫలితాల్లో ఒక్కో అప్పగింతలో సాంకేతిక పొరపాట్లు సగటున 5.42 నుంచి 3.15కు తగ్గాయి. ఏ ఒక్క వైద్యుడి నైపుణ్యమూ అందుకు పెరగనక్కరలేకపోయింది.

ఏ ప్రశ్నకు ఏ జవాబు

రసెల్ దగ్గరికి తిరిగి వస్తే, 2022లో అతడు మెర్సిడెస్‌లో శాశ్వతంగా చేరాడు. ఆ ఏడు కారు అంత గొప్పది కాకపోయినా, హామిల్టన్‌కు 240 పాయింట్లు రాగా రసెల్‌కు 275 వచ్చాయి. బ్రెజిల్‌లో తన తొలి పందెం గెలిచాడు. విలియమ్స్‌లోని 36 పందేల సున్నా, ఒక్క వారాంతపు మెరుపు, ఈ రెండిటిలో అతని గురించి ఎక్కువ చెప్పింది రెండోదే. కాని అది తెలియాలంటే ఎవరో ఒకరు అతన్ని వేరే కారులో కూర్చోబెట్టాలి. ఒక జబ్బు ఆ అవకాశం కల్పించింది. అలాంటి అవకాశం రాకుండానే వెళ్లిపోయినవారు ఎందరో మనకు తెలియదు.

కనుక ‘సారథి ఎంత, రథం ఎంత’ అన్న ప్రశ్నకు ఒకే అంకెను జవాబుగా అడగడం సరికాదు. వచ్చే పందెంలో ఎవరు ముందుంటారని అడిగితే, కారును చూడండి. ఒకే కారున్న ఇద్దరిలో ఎవరు ముందుంటారని అడిగితే, మనిషిని చూడండి. ఫలితాన్ని మెరుగుపరచడమెలా అని అడిగితే, ఏది మార్చగలమో దాన్ని చూడండి. ఎవరిని మెచ్చుకోవాలి, ఎవరిని తప్పుపట్టాలి అని అడిగితే మాత్రం, ఆ 86 శాతం, 14 శాతం ఏమీ చెప్పలేవు.

ఇది నాకు కేవలం వినోదపు ప్రశ్న కాదు. నేను ఆస్పత్రిలో చేరిన రోగులను చూసే వైద్యుణ్ణి. నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో ఏటా ప్రతి వైద్యుడికీ ఒక కాగితం ఇచ్చేవారు: మీ రోగులలో చనిపోతారని అంచనా వేసినవారెందరు, నిజంగా చనిపోయినవారెందరు అని. ఒక ఏడు నా అంకె అంచనాను మించింది. ఎన్నో రాత్రులు ఆ రోగుల వివరాలను మనసులో మళ్లీ మళ్లీ తిరగేసుకున్నాను. మరుసటి ఏడు అంకె బాగా తగ్గింది, అభినందిస్తూ ఉత్తరం వచ్చింది. నా వైద్యంలో నేను మార్చింది ఏమీ లేదు. ఆ మధ్యలో రాత్రివేళ రోగి పరిస్థితి దిగజారుతుంటే వెంటనే వచ్చే నర్సుల బృందం ఒకటి ఏర్పడింది. తగ్గుదలకు అది కారణం కావచ్చు. లేక అంత చిన్న సంఖ్యలలో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులే కావచ్చు. ఏదైనా, ఆ ఉత్తరం మీద ఉండవలసిన పేరు నాదొక్కటే కాదు. అంతకు ముందటి ఏడు వచ్చిన కాగితం మీద కూడా.

ఆదివారం ఉదయం పందెం చూస్తూ మన అభిమాన డ్రైవరు ఓడితే కారును, నచ్చనివాడు గెలిస్తే కూడా కారునే కారణంగా చూపడం మనకు అలవాటు. వినోదం కనుక దానివల్ల నష్టం లేదు. సోమవారం ఉదయం ఎవరి కిందో పనిచేస్తూ, ఎవరి పనికో మార్కులు వేస్తూ ఉండే మనం ఆ అలవాటును కార్యాలయానికి తీసుకువెళ్లకుండా ఉంటే చాలు. ఒకరి పనిని తూచేముందు అతన్ని ఏ కారులో కూర్చోబెట్టామని ఒక్కసారి అడిగి చూసుకోవాలి.